మీ ప్రశ్న – నా జవాబు: ఓట్లు అయిపోయాక ఏం చేయాలి?

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరు. 2024 ఎన్నికల్లో మేం కొందరు కుర్రాళ్లం డబ్బు పంచకుండా ఒక అభ్యర్థి కోసం ఇంటింటికీ తిరిగాం. ఆయన ఓడిపోయారు. అప్పట్లో మీటింగ్ అంటే అరుగు నిండిపోయేది. ఇప్పుడు ముగ్గురం మిగిలాం. ‘ఎలక్షన్లు 2029లో కదా, ఇప్పట్నుంచే ఎందుకురా’ అంటున్నారు. ఈలోపు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: నాయనా, ముగ్గురే మిగిలామని బెంగ పెట్టుకోకు. ఎన్నికల కోసం వచ్చినవాళ్లు ఎన్నికలతోనే వెళ్లిపోయారు. వాళ్లమీద కోపం వద్దు, మళ్లీ ఎందుకు రావాలో వాళ్లకు తెలియడం లేదంతే. 2029లో ఎవర్ని గెలిపించాలన్న మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీ ఊరివాళ్లు ఈ నెలలో దేనికి ఇబ్బంది పడుతున్నారో చూసి, అందులో ఒక్కదాన్నే పట్టుకోండి. అది తేలేదాకా వదలొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు ఉదయగిరి వైపు ఒక ఊళ్లో నేను వాలంటీరుగా రాత్రి బడి చూసుకున్నాను. ఆడవాళ్లు పగలంతా కూలికి వెళ్లి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి లాంతరు ముందుకు వచ్చేవాళ్లు. ఒకరోజు లెక్కల పాఠంలో, ఇంట్లో సారా ప్యాకెట్లకు రోజుకు ఎంత పోతోందో పలక మీద రాసి ముప్పైతో హెచ్చవేయమన్నాను. ఒకావిడ వేసింది, చూసింది, కొంగుతో తుడిచేసి మళ్లీ వేసింది. అదే వచ్చింది. ‘నా నెల కూలి కంటే ఎక్కువుందే’ అంది. ఆ రాత్రి ఇక పాఠం సాగలేదు, అందరూ తమ తమ ఇళ్ల లెక్కలు వేయడంలో పడ్డారు.

1992లో మా నెల్లూరు జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో రోసమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా అమ్మకం ఆపించారు. ఆ కథ మా చదువు పుస్తకంలోకి పాఠంగా వచ్చింది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నవాళ్లు దాన్ని పైకి చదివి, ‘వాళ్లు చేశారు కదా, మనమెందుకు చేయలేం’ అన్నారు. ఊరూరా అదే మాట లేచింది. నెల్లూరులో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజునే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది.

తేదీలు ఒకసారి చూడు. అసెంబ్లీ ఎన్నికలు 1989లో జరిగాయి, మళ్లీ 1994లో జరిగాయి. సారా పోరాటం పుట్టిందీ పెరిగిందీ ఆ మధ్యకాలంలోనే. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లెవరూ ఎన్నికల కోసం కూర్చోలేదు. ఓట్లు వచ్చేనాటికి మద్యనిషేధం హామీ పట్టుకుని పార్టీలే వాళ్ల గుమ్మాల దగ్గరికి వచ్చాయి.

దాని తర్వాతి సంగతి కూడా చెప్పాలి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఖజానాకు డబ్బు చాలడం లేదన్నారు. నా ఉద్దేశంలో ఇంకో కారణం ఉంది. చట్టం వచ్చేశాక ఊళ్లలో ఆ విషయం మీద కూర్చుని మాట్లాడుకోవడం సన్నగిల్లింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు మా జిల్లాలో బాగా పెరిగాయి, అవి ఆడవాళ్లకు నిజంగానే ఎంతో మేలు చేశాయి. కానీ అక్కడ మాటంతా అప్పులూ వాయిదాల చుట్టూ తిరిగింది. నిషేధం ఎత్తేస్తుంటే అడ్డుపడేందుకు మునుపటి గుంపులు ఊళ్లలో లేవు.

ఇక మీ ఊరి సంగతి. మెట్ట ఊరంటున్నావు కాబట్టి నీళ్ల గొడవ ఉండే ఉంటుంది. ట్యాంకు కట్టి కుళాయికి నీళ్లు రాకపోతే దాన్నే పట్టుకోండి. ముందు వీధివీధికీ తిరిగి ఎవరింటికి నీళ్లొస్తున్నాయి, ఎన్నిరోజులకోసారి, ఎంతసేపు అన్నది నోటు పుస్తకంలో రాయండి. ఫోన్లో కాదు, పుస్తకంలోనే. రాస్తుంటే పక్కింటివాళ్లు వచ్చి ‘మాదీ రాయండి’ అంటారు. మీకు కావలసిన జనం అక్కడే దొరుకుతారు.

తర్వాత సమాచార హక్కు కింద ఆ పని అంచనా, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, బిల్లుల చెల్లింపు వివరాలు అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికైతే దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని గ్రామసభకు వెళ్లండి. అక్కడ మాట్లాడేది మాత్రం మీరు ముగ్గురూ కాకూడదు. బిందె పట్టుకుని బోరు దాకా నడిచే ఆవిడే మాట్లాడాలి. ముందురోజు ఆమెతో కూర్చుని ఏం అడగాలో రెండు మాటల్లో అనుకోండి. ఆమె చెప్పింది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేదాకా కుర్చీల్లోంచి లేవకండి. ఎవరూ పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరాఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆవిడనే తీసుకెళ్లండి, బస్సు చార్జీ మీరు పెట్టుకోండి.

వారంలో ఒకరోజు ఎంచుకుని అదే చోట, అదే టైంకు కూర్చోండి. ఇద్దరే వచ్చినా కూర్చోండి. కూర్చునే చోటు ఏ పార్టీ నాయకుడి ఇల్లూ కాకుండా చూసుకోండి, లేకపోతే ఊళ్లో సగంమంది రారు. మీ పార్టీ ఏదో దాచొద్దు, అడిగితే చెప్పండి. నీళ్ల పనికి మాత్రం జెండా కట్టొద్దు. రేపు నీళ్లొచ్చాక ఎవరో నాయకుడు వచ్చి రిబ్బన్ కత్తిరించి తన ఖాతాలో వేసుకుంటాడు. వేసుకోనివ్వండి. కొట్లాటకు దిగితే ఊరు మళ్లీ రెండుగా చీలుతుంది. నీళ్లెలా వచ్చాయో ఆ పుస్తకంలో పేర్లున్నవాళ్లందరికీ తెలుసు. తర్వాత రోడ్డో, బడో పట్టుకున్నప్పుడు వాళ్లే ముందుకొస్తారు.

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. మా వీధిలో చాలామందికి ఓటు లేదని పోలింగ్ రోజే తెలిసింది. ఇది ముందే సరిచేసుకునే దారి ఉందా మేడం?

జవాబు: ఉందమ్మా. ఎన్నికల ప్రకటన కోసం ఎదురుచూడక్కర్లేదు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా ఓటుకు అర్హత వస్తుంది. 17 దాటినవాళ్లు ముందుగానే కొత్త ఓటు కోసం ఫారం 6 ఇచ్చి పెట్టుకోవచ్చు. చిరునామా మారినా, వివరాలు తప్పున్నా ఫారం 8. చనిపోయినవాళ్ల పేర్లు తీసేయించడానికి ఫారం 7. అయితే బతికున్నవాళ్ల పేర్లమీద కూడా ఎవరైనా ఫారం 7 పెట్టే వీలుంది కాబట్టి జాబితా మీద కన్నేసి ఉంచాలి.

మీ ఉమ్మడి నల్గొండలో 1996 లోక్‌సభ ఎన్నికలకు ఫ్లోరైడ్ నీళ్లమీద జనం కోపం ఢిల్లీకి తెలియాలని జలసాధన సమితి పిలుపుతో వందలమంది నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ నామినేషన్ వేయాలన్నా ముందు జాబితాలో పేరుండాలి.

మీ పోలింగ్ కేంద్రం జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైటు నుంచి ప్రింటు తీయించి, ఒక సాయంత్రం వీధిలో పైకి చదవండి. ఎక్కువగా తప్పిపోయేవి పెళ్లై వచ్చిన కోడళ్ల పేర్లు, అవి ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంటాయి. వాళ్లందరి ఫారం 8లూ ఒకేసారి నింపి, మీ పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితా చూసుకునే అధికారి బీఎల్‌ఓకు ఇచ్చి రసీదులు తీసుకోండి. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మళ్లీ అదే వీధిలో చదవండి.