మంచం పట్టిన మనిషికి వీధి సాయం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా వీధిలో ఒక పెద్దావిడ పక్షవాతంతో మంచం పట్టారు. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, కోడలు ఒక్కతే చూసుకుంటోంది. మా పొదుపు సంఘంలో వాళ్లం సాయానికి వెళ్తున్నాం. మొదట్లో అందరూ వచ్చారు, ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: 'వీలున్నప్పుడు వస్తాం' అనుకుని మొదలుపెట్టిన సాయం చాలాచోట్ల ఇలాగే ఆగిపోతుంది. ఎవరో ఒకరు వెళ్లే ఉంటారులే అని అందరూ అనుకుంటారు. వంతులు కాగితం మీద పెట్టండి. కోడలికి రెండో మనిషి తప్పక కావలసింది రోజుకు రెండు పూటలే: పొద్దున ఒళ్లు తుడిచి దుప్పటి మార్చేటప్పుడు, రాత్రి పడుకోబెట్టే ముందు. పూటకు గంట చాలు. వారానికి 14 వంతులు, ఏడుగురుంటే మనిషికి రెండు. ఎనిమిదో ఆవిడకు వంతు వేయకుండా అట్టేపెట్టండి. జ్వరాలకూ పెళ్లిళ్లకూ ఆవిడే దిక్కు. కూలికి పోయేవాళ్లకు పొద్దున వంతు వద్దు, నాట్లూ కోతలప్పుడు అసలే వద్దు.

మంచం పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీయండి. ఎన్నింటికి ఏ పక్కకు తిప్పారు, ఏం తిన్నారు, మూత్రం, విరేచనం అయ్యాయా, ఎక్కడైనా ఎర్రబడిందా - ఇంతే రాయాలి. దాన్ని చదవకుండా ఎవరూ పని మొదలుపెట్టకూడదు. వారంలో ఒక మధ్యాహ్నం కోడల్ని ఇంట్లోంచి బయటికి పంపండి. మొహమాటపడి వెళ్లనంటుంది, వినకండి.

ప్రశ్న: ఆవిడ నడుము కింద ఎర్రగా మచ్చ పడింది. పౌడరు రాసి మర్దనా చేస్తున్నాం. సరేనా?

జవాబు: రెండూ ఆపండి. మచ్చ మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే చర్మం ఇంకా కోలుకునే స్థితిలో ఉంది. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే మంచం పుండు మొదలైనట్టే. నల్లటి చర్మం మీద ఆ తేడా సరిగా కనపడదు. అలాంటప్పుడు పక్క చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగులుతోందేమో చూడాలి. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగి రక్తం అందకే ఇది వస్తుంది. మర్దనా చేస్తే లోపలి కండ ఇంకా చితుకుతుంది. పౌడరు చెమటకు ఉండకట్టి ఒరుసుకుంటుంది. గాలి నింపే రింగు కూడా వద్దు, దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే తుంటి ఎముక మీద భారం పడుతుంది. అందుకని భుజం నుంచి పిర్ర దాకా వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా, 30 డిగ్రీలు మాత్రమే వాల్చండి. నడుము చివరి ఎముక కింద మీ అరచెయ్యి దూరితే సరిగా పెట్టినట్టు. పిక్కల కింద చిన్న దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు.

తిప్పేటప్పుడు లాగితే చర్మం చిరుగుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా కింద పరవండి. వంతు మనిషి ఉన్నప్పుడు ఇద్దరూ చెరోవైపు నిలబడి అంచులు ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒక్కసారే ఎత్తి జరపండి. పడిపోయిన చెయ్యి పట్టి మాత్రం ఎప్పుడూ లాగకండి, భుజం కీలు జారుతుంది. పక్షవాతం రోగుల విషయంలో ఇంట్లోవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇది.

చర్మం చిట్లితే స్పిరిటూ డెట్టాలూ పోయకుండా మందుల షాపులో దొరికే సెలైన్‌తో కడిగి, ఏఎన్ఎంకు చూపించండి. వాసన, నలుపు, జ్వరం వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి.

ప్రశ్న: జావ తాగిస్తుంటే పొలమారుతోంది.

జవాబు: పడుకోబెట్టి పట్టకండి. వీపు నిటారుగా ఆనించి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, బాగున్న వైపు బుగ్గలోకి ఇవ్వండి. మింగాక రెండో చెంచా. అయ్యాక అరగంట కూర్చునే ఉండాలి. నీళ్లలా పలచగా ఉన్నవే ఎక్కువగా పొలమారతాయి. తిన్నాక గొంతు గురగురమన్నా, జ్వరం వచ్చినా ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో డాక్టరు చూడాలి.

ప్రశ్న: పింఛను డబ్బు తెచ్చిపెట్టమని ఆ ఇంటివాళ్లు మమ్మల్నే అడుగుతున్నారు.

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు, వృద్ధాప్య పింఛను 4,000. ఆవిడకు ఏది వస్తోందో మీ వార్డు సచివాలయంలో కనుక్కోండి, 15,000 పింఛనుకు వైద్య ధ్రువపత్రం కావాలి. దరఖాస్తుకు తోడు వెళ్లండి. డబ్బు, ఏటీఎం కార్డు, పిన్ మాత్రం మీ చేతిలోకి తీసుకోకండి. ఒక్క నెల వంద రూపాయలు తేడా వచ్చినా సాయానికి వచ్చే ఎనిమిదిమందీ మానేస్తారు. డైపర్లకూ గ్లౌజులకూ చందా వేసుకుంటే కొనేది ఒకరు, లెక్క రాసేది ఇంకొకరు.