క్లచ్ కవర్ ఎవరితోనూ విప్పించకండి

ప్రశ్న: 19 నెలల కిందట నా బైక్‌కు క్లచ్ ప్లేట్లు మార్పించాను. వారం తిరక్కుండానే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి కదలడం లేదు. మెకానిక్ మూడుసార్లు కేబుల్ బిగించి పంపాడు, ఆఖరికి నా నడపడమే బాగాలేదన్నాడు. దారిలో బండి ఆగిపోయి ఇంటర్వ్యూకు అందుకోలేక ఉద్యోగం పోయింది. విసుగొచ్చి ఏడాదిగా బండి తీయడమే మానేశాను. బిల్లు తీసుకోలేదు. తెలిసిన ఇంకో మెకానిక్ క్లచ్ విప్పి చూసి, పాత తేదీతో బిల్లు కూడా రాసిస్తానంటున్నాడు. 10 లక్షల పరిహారం అడగవచ్చా?

జవాబు: ముందు ఇంటర్వ్యూ సంగతి. దాన్ని పక్కన పెట్టండి. రిపేరు సరిగా చేయనందుకు నేరుగా కలిగిన నష్టానికే పరిహారం వస్తుంది, దూరపు నష్టానికి రాదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 చెబుతోంది. ఉద్యోగం వచ్చి తీరేదని మీరు రుజువు చేయలేరు. 10 లక్షలు అడిగితే మీ అసలు ఫిర్యాదు కూడా అతిశయోక్తిలా కనిపిస్తుంది.

మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద: ఆ రోజు క్లచ్ కవర్ లోపల ఏం వేశారు? కొత్త ప్లేట్లా, పాతవే కడిగి బిగించారా, స్ప్రింగులు నీరసించినా వదిలేశారా, బైక్ క్లచ్‌కు పనికిరాని కారు ఇంజిన్ ఆయిల్ పోశారా? ఇలా ఇంజిన్ బలం చక్రానికి అందకుండా జారే క్లచ్‌కు కేబుల్ ఇంకా బిగిస్తే లివర్‌లో ఉండాల్సిన ఫ్రీ ప్లే (కొద్దిపాటి వదులు) పోయి జారడం ఎక్కువవుతుంది, కాబట్టి మూడుసార్లు బిగించడం కూడా అడగాల్సిన విషయమే. ఇక అవతలి లాయరు అనబోయేది నేనిప్పుడే చెబుతాను: "ఈయన హాఫ్ క్లచ్‌లో నడిపి ప్లేట్లు కాల్చేసుకున్నాడు." దానికి జవాబు మీ మాటల్లో లేదు, ప్లేట్ల మందం కొలిచి తయారీదారు సర్వీస్ మాన్యువల్ పరిమితితో పోల్చి చూసే నిపుణుడి నివేదికలో ఉంది. సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని 2021లో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది.

అందుకే ఆ రెండో మెకానిక్‌ను బండి దగ్గరికి రానివ్వకండి. అతను కవర్ విప్పిన మరుక్షణం "నేను వేసినవి ఇవి కావు" అని మొదటివాడు అంటాడు, మీ దగ్గర జవాబు ఉండదు. పాత తేదీ బిల్లు సంగతి అంతకన్నా ప్రమాదం. వినియోగదారుల కమిషన్ విచారణ కూడా చట్టం దృష్టిలో న్యాయ విచారణే, అక్కడ దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. బాధితుడిగా వెళ్లి ముద్దాయిగా తిరిగొస్తారు. వద్దు.

బిల్లు అడగకపోవడం మీ నిర్లక్ష్యమే, కాదనకండి. అయితే బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, దాన్ని ఫిర్యాదులో రాయండి. యూపీఐలో డబ్బు కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. వాట్సాప్‌లో అతని మెసేజ్‌లు ఏమైనా ఉన్నాయా? "ప్లేట్లు కొత్తవే వేశాను, కేబుల్ సాగింది" అన్న పదిసెకన్ల వాయిస్ మెసేజ్ ఒక్కటి దొరికినా పని చేసింది తనేనని ఒప్పుకున్నట్టే. స్క్రీన్‌షాట్ తీశాం కదా అని చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ఫోన్‌లోని రుజువు అసలైనదని తెలిపే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయడానికి అసలు ఫోనే కావాలి.

ఇక గడువు. ఫిర్యాదు వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం 2 ఏళ్లు. లోపం బయటపడిన రోజు నుంచి లెక్కపెట్టండి, ఆఖరిసారి మెకానిక్ దగ్గరికి వెళ్లిన రోజు నుంచి కాదు. "రేపు రా" అంటూ తిప్పించుకున్నా, మీరు లీగల్ నోటీసు పంపినా గడియారం ఆగదు. మీకు మిగిలింది దాదాపు 5 నెలలు. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, "విసుగొచ్చి ఊరుకున్నాను" అన్నది కారణంగా నిలబడదు.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జవాబుకు 15 రోజులు ఇవ్వండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు, కానీ అతను దిగివచ్చి డబ్బు వెనక్కిస్తే అక్కడితో పని అయిపోతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పి చూడండి. లేదంటే మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి, వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. 5 లక్షల లోపు చెల్లించిన వ్యవహారానికి ఫీజు లేదు. రిపేరు డబ్బు, మళ్లీ సరిచేయించడానికయ్యే ఖర్చు, మానసిక వేదనకు సబబైన మొత్తం, కోర్టు ఖర్చులు, ఇంతే అడగండి. విడిభాగాలు కూడా వస్తువులే కాబట్టి, అదే చట్టం సెక్షన్ 38 కింద మీరు, మొదటి మెకానిక్ ఇద్దరి సమక్షంలో క్లచ్ విప్పించి పరీక్ష చేయించమని ఫిర్యాదుతోనే దరఖాస్తు పెట్టండి. ఆ పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాలి.

అప్పటిదాకా బండి కదపకండి. ఇవాళే ఓడోమీటర్ రీడింగ్, క్లచ్ కవర్ బోల్టుల మీద పేరుకున్న దుమ్ము, లివర్ దగ్గర కేబుల్ బిగింపు ఫోటోలు తీసి పెట్టుకోండి.