ఫాంటెన్‌బ్లోలో క్లబ్ క్యాంపింగ్: టెంట్లు, వంట, వాన

రాళ్లెక్కడానికి వెళ్తున్న మీ క్లబ్ వాళ్లంతా పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో అడవిలోనే టెంట్లు వేసి వండుకోవచ్చా, శనివారం వాన పడితే ఎలా అని అడిగారు కదండీ. కేటాయించిన చోట తప్ప అడవిలో టెంటు వేయకూడదు. మంట అయితే ఏడాది పొడవునా నిషేధమే. అడవి పక్క ఊరు మిల్లీ-లా-ఫోరె వైపు క్యాంప్‌సైట్ ముందే బుక్ చేసుకోండి. అక్కడ వంటకి మీది డబ్బాను మర తిప్పి బిగించే స్క్రూ స్టవ్ అయితే గ్యాస్ డబ్బా పారిస్‌లోనే కొనేయండి. పల్లె సూపర్‌మార్కెట్లలో తరచూ క్యాంపింగాజ్ కంపెనీ డబ్బాలు, మర లేని క్లిక్ రకమే ఉంటుంది, అది దీనికి పట్టదు. ఆదివారం మధ్యాహ్నానికి చాలా కొట్లు మూసేస్తారు.

అసలు టెన్షన్ వాన గురించే. అక్కడిది ఇసుకరాయి. తడిస్తే బలం తగ్గి, వేళ్లతో పట్టుకున్న అంచు పుటుక్కున ఊడొస్తుంది. ఆ పట్టు ఇక ఎవరికీ ఉండదు. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, నమ్మకండి. రాతి కింద ఇసుక కాస్త తవ్వి చూడండి, చెమ్మ తగిలితే ఆ రోజుకి ఎక్కడం మానేయండి. ఆరాక కొత్తవాళ్లను పసుపు బాణాల సర్క్యూట్‌కి (బాణాలు చూపినట్టు వరుసగా ఎక్కే తేలిక రాళ్ల దారికి) పంపండి, బూట్ల అడుగున ఇసుక గుడ్డతో తుడుచుకున్నాకే రాయి ఎక్కమనండి.