చెరువు పురుగుల మీద పరిశోధన చేస్తే బతుకుదెరువు ఉంటుందా?

మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ జువాలజీ చదువుతూ మీరు అడిగిన ప్రశ్న ఇది. ఉంటుంది, కానీ దారి పొడుగు. ఎమ్మెస్సీ, ఆ తర్వాత ఫెలోషిప్ కోసం సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష, ఆపైన పీహెచ్‌డీ. హైదరాబాద్ అత్తాపూర్‌లోనే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది. ముందు అది చూసి రండి.

అసలు చదువు మాత్రం నీళ్లలోనే. మత్తడి దగ్గర గలగల పారే చోట రాయి తిప్పితే మేఫ్లై అనే పురుగు పిల్లలు, తోకలు మూడున్నవి, కనిపించవచ్చు. వాటికి ఆక్సిజన్ బాగా కావాలి. మురుగు చేరిన కుంట బురదలో ఎర్రటి కైరోనమిడ్ లార్వాలు, అంటే దోమలా కనిపించే కుట్టని పురుగుల పిల్లలు, ఉంటాయి. మన రక్తంలో లాగే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువైనా బతుకుతాయి. నీళ్లు ఎంత శుభ్రమో సీసాలో పట్టి చూస్తే ఆ రోజు సంగతే తెలుస్తుంది. పురుగులు గడిచిన వారాల, నెలల కథ చెబుతాయి. హైదరాబాద్ మురుగును మోసుకుంటూ నల్లగొండ వైపు వచ్చే మూసీని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి సాక్షులు నాకు తెలియవు.

ఇప్పుడే మొదలుపెట్టండి. మీ ఊరి చెరువు ఒక్కటి ఎంచుకుని, నెలనెలా ఒకే చోట వల వేసి, దొరికినవి 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచి, తేదీ, చోటు చీటీ మీద పెన్సిల్‌తో రాసి సీసాలో వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అమ్రాబాద్ అడవి వాగుల్లోకి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకండి.