మంచి పొట్టేలును ముందే అమ్ముకోకండి

ప్రశ్న: ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లో నాన్న, నేను కలిసి 50 నెల్లూరు జోడిపి గొర్రెలు పెంచుతున్నాం. నేను వారమంతా హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉంటాను. మేత, టీకాలు, నట్టల మందు అన్నీ సరిగ్గానే ఇస్తున్నాం, అయినా ఏటేటా పిల్లల బరువు తగ్గుతోంది. జియాగూడ మార్కెట్లో భారీ పొట్టేలు ఒకటి కొని మందలో వదిలితే బాగుపడుతుందా సార్?

జవాబు: ముందు నేనొకటి అడుగుతాను. మీ మందలో అన్నిటికన్నా తొందరగా పెరిగిన మగపిల్ల ఎక్కడికి పోతోంది? బేరానికి వచ్చినవాడు మొదట దాని మీదే చెయ్యి వేస్తాడు, బక్రీదు దగ్గరపడితే ఇక చెప్పక్కర్లేదు, మనమూ మంచి రేటు వచ్చిందని సంతోషంగా ఇచ్చేస్తాం. ఎవరూ కొనక మిగిలిపోయిన పొట్టేలే మందలో తిరుగుతూ గొర్రెలను దాటుతుంది. అంటే తెలియకుండానే ఏటేటా నెమ్మదిగా పెరిగేవాటినే తండ్రులుగా ఎంచుకుంటున్నాం. మీ ఒక్కరి సంగతే కాదు, హైదరాబాద్ చుట్టూ చాలా మందల్లో జరిగేది ఇదే, నాకు నిజంగా బాధ కలిగించే విషయం కూడా ఇదే.

ఒక గొర్రె ఈతకు ఒకటో రెండో పిల్లల్ని ఇస్తుంది. అదే పొట్టేలైతే 25, 30 గొర్రెలకు పుట్టే పిల్లలన్నిటికీ సగం గుణాలు దాని నుంచే వస్తాయి. అందుకే పొట్టేలు ఎంపికలో పొరపాటు జరిగితే మందంతా దెబ్బ తింటుంది.

మరి జియాగూడ పొట్టేలు? వద్దు. అక్కడికి వచ్చేవి కోతకు వచ్చే జీవాలు. దాని తల్లి ఎలాంటిది, జంటగా పుట్టిందా ఒంటిగా పుట్టిందా, ఎన్ని నెలలు దాణా పెట్టి మేపారు అనేవి ఎవరూ చెప్పలేరు. దాణాతో వచ్చిన బరువు పిల్లలకు రాదు. పైగా రోగాలు కూడా మందలోకి వచ్చే టెన్షన్ ఒకటి.

దీనికి బదులు ఒక నోటుబుక్కు, ఒక స్ప్రింగ్ తూకం, చెవి ట్యాగులు కొనండి. పిల్ల పుట్టిన రోజే తూకం వేసి తేదీ, తల్లి నంబరు, తండ్రి నంబరు, ఒంటరా జంటా అన్నది రాయండి. తండ్రి తెలియాలంటే రెండు పొట్టేళ్లను ఒకేసారి మందలో కలపకూడదు. మూడు నెలల వయసు దగ్గర మళ్లీ తూకం వెయ్యండి, కానీ ఒకే రోజు తూచాం కదా అని బరువులను నేరుగా పోల్చకండి, ఎందుకంటే వయసులో తేడా ఉంటుంది. ఒక పిల్ల 3 కిలోలతో పుట్టి 80వ రోజున 13 కిలోలు ఉందనుకోండి, రోజుకు 125 గ్రాములు పెరిగినట్టు, ఆ లెక్కన 90 రోజులకు 14.25 కిలోలు. ఇంకొకటి అదే 3 కిలోలతో పుట్టి 100వ రోజున 14.5 కిలోలు తూగింది, 90 రోజులకు లెక్కేస్తే 13.35 కిలోలే. కంటికి రెండోది పెద్దగా కనిపిస్తుంది, పెరుగుదలలో మొదటిదే మేలు. అలాగే జంట పిల్లను జంట పిల్లతోనే, మొదటి ఈత గొర్రె పిల్లను అలాంటి తల్లి పిల్లతోనే, ఒకే సీజన్లో పుట్టినవాటినే పోల్చాలి. తల్లి పాలు పంచుకుని తాగిన పిల్ల కాస్త తక్కువ తూగినంత మాత్రాన దాని జన్యువులు తక్కువవి కావు.

ఫలితం ఎంత ఉంటుందో కూడా చెబుతాను, లేకపోతే ఏడాదికే నిరాశపడతారు. ఈ మూడు నెలల బరువుకు వంశపారంపర్యత, అంటే పిల్లల మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా, 0.2 అనుకుందాం. మీరు ఉంచుకున్న పొట్టేలు తోటి పిల్లల సగటు కన్నా 4 కిలోలు ఎక్కువ ఉంటే, అందులో జన్యువుల వాటాగా మనం ఆశించగలిగేది 0.8 కిలో, పిల్లలకు అందేది అందులో సగం, 400 గ్రాములు. తక్కువే అనిపిస్తుంది. కానీ మేత ఖర్చులా ఏటేటా పెట్టాల్సినది కాదు, తర్వాతి తరానికీ వెళ్తుంది, మళ్లీ మంచిదాన్ని ఎంచుకుంటే దాని మీద ఇంకొంత చేరుతుంది. పెద్ద పరిశోధన కేంద్రాల్లో తల్లిదండ్రులు, అక్కచెల్లెళ్లు, సంతానం అందరి లెక్కలూ కలిపి బ్లప్ అనే పద్ధతిలో బ్రీడింగ్ వాల్యూ, అంటే ఆ జీవం తన సంతానానికి ఎంత మేలు అందించగలదన్న అంచనా, తీస్తారు, దాని అంచనా ఇంకా నమ్మకంగా ఉంటుంది. మీ నోటుబుక్కు దానికి మొదటి మెట్టు.

ఒక జాగ్రత్త. సొంత పొట్టేలును దాని కూతుళ్ల మీద దాటనివ్వకండి, అలా పుట్టే పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్, అంటే రక్తసంబంధం ఉన్నవాటిని కలపడం వల్ల వచ్చే దోషం, 25 శాతానికి చేరుతుంది, పిల్లలు బలహీనపడతాయి, చావులు పెరుగుతాయి. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చండి, రికార్డులు రాసే మరో రైతుతో మార్పిడి చేసుకుంటే అన్నిటికన్నా మంచిది. నెల్లూరు జాతి అభివృద్ధి మీద పలమనేరు పరిశోధన స్థానంలో చాలాకాలంగా పని జరుగుతోంది, అక్కడా అడగండి. మీకు దగ్గరలో రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: మావి దక్కనీ గొర్రెలు. జంట పిల్లలు పుట్టే జన్యువు ఉన్న పొట్టేళ్లు ఉన్నాయని విన్నాను. నిజమేనా డాక్టరు గారూ? - చేవెళ్ల నుంచి ఒక సోదరి

జవాబు: నిజమేనమ్మా. దాన్ని ఫెక్‌బి అంటారు. బెంగాల్ సుందరబన్స్ ప్రాంతపు గారోల్ గొర్రెల్లో ఈ జన్యువు ఉంది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నారి అనే వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు దాన్ని దక్కనీలోకి తెచ్చి నారి సువర్ణ అనే రకాన్ని తయారుచేశారు. జన్యువు ఉందో లేదో రక్తపు చుక్కతో డీఎన్ఏ పరీక్ష చేసి చెప్పొచ్చు, కాబట్టి అమ్మేవాళ్ల నోటి మాట కాకుండా పరీక్ష కాగితం అడగండి. అయితే చూలు గొర్రెకు చివరి రెండు నెలలు, ఈనిన తర్వాత పాలిచ్చినన్నాళ్లూ అదనపు దాణా పెట్టగలరా అన్నది ముందు తేల్చుకోండి. ఎండాకాలం బీడు మీదే ఆధారపడే మందలో రెండు పిల్లలు పుట్టి రెండూ చిక్కిపోయే కన్నా బలమైన ఒక్క పిల్లే నయం.

ప్రశ్న: ఆస్ట్రేలియా బ్రీడింగ్ వాల్యూ ఉందని చెప్పి డార్పర్ అనే విదేశీ మాంసపు జాతి సంకర పొట్టేలుకు చాలా ధర అడుగుతున్నారు. కొనొచ్చా? - శంషాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తొందరపడకండి. ఆస్ట్రేలియాలో గొర్రెల బ్రీడింగ్ వాల్యూలు లెక్కగట్టే ల్యాంబ్‌ప్లాన్ అనే పథకం అంకెలు వాళ్ల రికార్డుల్లో ఉన్న జీవాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి తీసినవి. అదే పొట్టేలు మన ఎండలో, మన మేత మీద ఎలా రాణిస్తుందో ఆ అంకె చెప్పదు, దాని సంకర సంతానం గురించైతే ఇంకా తక్కువ చెబుతుంది. దాని పిల్లలు ఇక్కడే, మీలాంటి మందలోనే పెరిగి ఉంటే, వాటి మూడు నెలల బరువులు, ఎన్ని బతికాయన్న లెక్క చూపించమనండి. చూపించలేకపోతే ఆ ధర పెట్టకండి.