చింపాంజీ ఎముకల పక్కన మన ఎముకలు పెట్టి చూడబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

ప్రాజెక్టుకి మనిషి, చింపాంజీ, గొరిల్లా అస్థిపంజరాల పోలిక తీసుకున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. తేడాల పట్టిక ఎక్కడ దొరుకుతుంది మావయ్యా అని అడిగావు. పట్టికలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటాయి, ప్రస్తుతానికి వాటి జోలికి పోకు. పుర్రె చేతిలోకి రాగానే నువ్వు తేల్చుకోవాల్సింది ఒకటే, ఇది ఎంత వయసుది, ఆడదా మగదా అని.

ఎందుకంటే చింపాంజీ పిల్ల పుర్రె గుండ్రంగా, ముఖం పొట్టిగా, చూడటానికి చాలావరకు మనలాగే ఉంటుంది. వెన్నుపాము బయటికి వచ్చే పెద్ద రంధ్రం (ఫోరామెన్ మాగ్నమ్) కూడా పిల్లలో కాస్త ముందుకే ఉండి, పెరిగేకొద్దీ దవడ ముందుకు పొడుచుకొస్తుంటే అది వెనక్కి జరిగినట్టవుతుంది. 1925లో రేమండ్ డార్ట్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో దొరికిన పుర్రెని చూసి, ఈ రంధ్రం ఉన్న చోటుని బట్టే, ఇది రెండు కాళ్ల మీద నడిచిన జీవి అన్నాడు. అప్పటి పేరున్న శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు, అది పసిదాని పుర్రె, పిల్ల కోతులు ఎలాగూ మనుషుల్లా కనిపిస్తాయి అన్నారు. అది న్యాయమైన అభ్యంతరమే. తర్వాత రాబర్ట్ బ్రూమ్ అనే శిలాజ శాస్త్రవేత్తకి అదే దేశంలోని స్టెర్క్‌ఫాంటైన్‌లో పూర్తిగా ఎదిగినవాటి శిలాజాలు దొరికాకే డార్ట్ మాట నిలబడింది. కాబట్టి మూడో దవడపన్ను పూర్తిగా వచ్చిందా, పొడుగు ఎముకల కొసలు అతుక్కున్నాయా చూసుకున్నాకే కాలిపర్ (కొలిచే పనిముట్టు) పట్టుకో. గొరిల్లాకి నెత్తి మీద ఎముక గట్టు ఉంటుంది అని ఊరికే రాసేయకు, అది బాగా ఎదిగిన మగదానికి, ఆడదానికి సాధారణంగా ఉండదు.

ఇక రెండోది, అందరూ పుర్రెతో మొదలుపెడతారు, నువ్వు తుంటి దగ్గర మొదలుపెట్టు. చింపాంజీ తుంటి ఎముక పైభాగం పొడవుగా, చదునుగా వీపు వైపు ఉంటుంది. మనది పొట్టిగా, వెడల్పుగా, పక్కలకి వంపు తిరిగి ఉంటుంది. ఈ వంపు ఎందుకో తెలియాలంటే ఇప్పుడే లేచి నడుం కింద పక్కన చెయ్యి పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడు. చేతి కింద ఒక కండ గట్టిపడుతుంది చూడు, అది గ్లూటియస్ మీడియస్. రెండో కాలు గాల్లో ఉన్నప్పుడు నడుం అటు కుంగిపోకుండా పట్టి ఉంచేది అదే. చింపాంజీలో అదే కండ వెనక వైపు ఉండటంతో ఆ పని చేయలేదు, అందుకే రెండు కాళ్ల మీద నడిచినప్పుడు అది అటూ ఇటూ ఊగుతుంది.

తర్వాత తొడ ఎముక. మోకాలి వైపు ఉన్న రెండు గుబ్బలూ టేబుల్‌కి సమానంగా ఆనేట్టు నిలబెట్టు. చింపాంజీది దాదాపు నిటారుగా నిలుస్తుంది, మనది బయటికి వాలుతుంది. ఆ వాలు వల్లే మన మోకాళ్లు, పాదాలు శరీరం బరువు కిందికి చేరతాయి. 1973లో ఇథియోపియాలోని హడార్‌లో డొనాల్డ్ జోహాన్సన్ అనే శాస్త్రవేత్తకి దొరికిన మోకాలి కీలు శిలాజం 30 లక్షల ఏళ్లకు ముందే నడక ఉందని చెప్పింది ఈ వాలుతోనే. మరుసటి ఏడు అక్కడే దొరికిన అస్థిపంజరానికి లూసీ అని పేరు పెట్టారు, దానిదీ మెదడు దాదాపు చింపాంజీ మెదడంతే, తుంటి మాత్రం నడిచేదాని తుంటి. పుర్రెతో మొదలుపెట్టొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, రిపోర్టులో ఎక్కడా చింపాంజీని మన తాతగా చూపించకు. దారులు విడిపోయి సుమారు 60-70 లక్షల ఏళ్లు, ఆ కాలమంతా అదీ మారింది. చేతినే తీసుకో. పొడవాటి వంపు వేళ్లు, పొట్టి బొటనవేలు చింపాంజీవి. ఈ పొడవాటి వేళ్లే తర్వాత వచ్చినవనీ, మన చేతి కొలతలే పాత పూర్వీకుడికి దగ్గరనీ వాదించే శాస్త్రవేత్తలున్నారు. కాబట్టి ‘ఇది ఇలా మారింది’ అని రాసే ముందు శిలాజం ఏం చెప్తోందో చూడు.

పుర్రెల ఫొటోలు పంపు, కానీ పక్క నుంచి తీసేటప్పుడు కంటి గుంట కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే అడ్డగీత మీదకి వచ్చేలా అన్నిటినీ పెట్టు. లేకపోతే దవడ ఎంత ముందుకొచ్చిందో ఒకదానితో ఒకటి పోల్చలేను.

మీ మావయ్య