విదేశంలో ఫ్లూ సీజన్: జ్వరం రాకముందే చేయవలసిన లెక్కలు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఏడాదిన్నర క్రితం మేము విదేశానికి వచ్చాము. నేను, నా భార్య, ఆరేళ్ల బాబు, రెండేళ్ల పాప. పోయిన చలికాలంలో బాబుకు ఫ్లూ జ్వరం తగిలితే రాత్రివేళ కంగారుపడి పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాము. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉన్నా బిల్లులో పెద్ద భాగం మేమే కట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో అందరికీ ఒకరి వెంట ఒకరికి జ్వరాలు రావడంతో, గంటల లెక్కన జీతం తీసుకునే నా భార్య రెండు వారాల ఆదాయం కోల్పోయింది. ఈసారి చలికాలం మాతో గడపడానికి 67 ఏళ్ల మా అమ్మ వస్తున్నారు. ఆమెకు మధుమేహం ఉంది. ఒక ఏజెంటు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకుంటే చాలంటున్నారు. అది సరైనదేనా? మేము ఎలా సిద్ధపడాలి? స్వదేశంలో ఇప్పటికీ ప్రీమియం కడుతున్న కుటుంబ ఆరోగ్య పాలసీని ఆపేయవచ్చా?

జవాబు: మీకు జరిగిన నష్టాలు రెండు. ఒకటి ఆసుపత్రికి కట్టిన డబ్బు, రెండోది చేతికి రాకుండా పోయిన జీతం. మొదటిదానికి బీమా కొంతవరకు సాయపడుతుంది, రెండోదానికి ఆరోగ్య బీమా సాయపడదు. జ్వరం వచ్చిన రాత్రి మీరు ఎంత పొదుపుగా ఆలోచించినా తగ్గించగలిగేది చాలా తక్కువ. ఎక్కడికి వెళ్లాలి, పాలసీ ఏది చెల్లిస్తుంది, చేతిలో ఎంత డబ్బు ఉంది అన్న మూడు విషయాలూ ఆ రాత్రికి ముందే తేలిపోయి ఉంటాయి. కాబట్టి సీజన్ మొదలుకాకముందే మీరు ఈ ప్రశ్న అడగడం మంచిదైంది.

ముందుగా మీ కంపెనీ పాలసీ పత్రం తెరవండి. అందులో గరిష్ఠ పరిమితి అనే మాట రెండు పూర్తిగా భిన్నమైన అర్థాలలో కనిపిస్తుంది. బీమా సంస్థ ఏడాదిలో మీ తరఫున చెల్లించే గరిష్ఠ మొత్తం ఒకటి, ఏడాదిలో మీ చేతి నుంచి పోయే గరిష్ఠ మొత్తం మరొకటి. మొదటి రకం పరిమితి మాత్రమే ఉన్న పాలసీలో, ఆ హద్దు దాటిన బిల్లంతా మీ మీదే పడుతుంది. రెండో రకం పరిమితి ఉన్న పాలసీలో, మీరు ఆ మొత్తం చెల్లించాక, పాలసీ కవర్ చేసే మిగతా చికిత్సకయ్యే ఖర్చును బీమా సంస్థ భరిస్తుంది. మీది ఏ రకమో తెలియకుండా ఎంత డబ్బు పక్కన పెట్టాలన్న లెక్క ప్రారంభించడానికే వీలులేదు.

ఉదాహరణకు, మీరుండే దేశపు కరెన్సీలో డిడక్టిబుల్ 1,000 అనుకుందాం. అంటే మొదటి 1,000 మీరే కట్టాలి. ఆపైన అయ్యే ఖర్చులో మీ వాటా 20 శాతం, ఏడాదికి మీరు కట్టవలసిన గరిష్ఠ మొత్తం 4,000 అనుకుందాం. ఎమర్జెన్సీ బిల్లు 6,000 అయితే మీరు మొదట 1,000, మిగిలిన 5,000లో 20 శాతం చొప్పున మరో 1,000, వెరసి 2,000 కడతారు. బీమా ఉన్నా ఇంత కట్టవలసి వచ్చిందేమిటని మీకు అనిపించడానికి కారణం బహుశా ఇదే. అదే ఫ్లూ న్యుమోనియాగా ముదిరి ఆసుపత్రిలో చేరితే, బిల్లు 40,000 అయితే, లెక్క ప్రకారం మీ వాటా 8,800 రావాలి గాని పరిమితి ఉండడం వల్ల 4,000 దగ్గర ఆగిపోతుంది. మీరు సిద్ధంగా ఉంచుకోవలసిన మొత్తం ఆ 4,000. నిరుడు కట్టిన బిల్లును కొలతగా పెట్టుకోవద్దు. అయితే ఆసుపత్రి బీమా సంస్థ నెట్‌వర్క్‌లో, అంటే ఆ సంస్థతో ఒప్పందం ఉన్నవాటి జాబితాలో, లేకపోతే ఈ పరిమితి వర్తించకపోవచ్చు, లేదా అంతకంటే పెద్దది వేరుగా ఉండవచ్చు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండి, అక్కడ చూసిన వైద్యుడు లేదా పరీక్ష చేసిన ల్యాబ్ లేకపోవడం కూడా జరుగుతుంది.

పాలసీ సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో కూడా చూడండి. చాలా కంపెనీల పాలసీలు జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కిస్తాయి. ఉత్తరార్ధగోళంలో ఫ్లూ తీవ్రత తరచుగా డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్యే ఎక్కువగా ఉంటుంది. డిసెంబరు చివరలో ఒకరు, జనవరి మొదట్లో మరొకరు జబ్బుపడితే, అప్పటిదాకా కట్టిన డిడక్టిబుల్ సున్నాకు వచ్చి మళ్లీ మొదటినుంచి కట్టవలసి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది అరుదైన సంగతేమీ కాదు.

ఇక చికిత్స ఎక్కడ అన్న విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 100 కోట్ల మందికి సీజనల్ ఫ్లూ వస్తుంది, అందులో 30 నుంచి 50 లక్షల మందికి అది తీవ్రరూపం దాలుస్తుంది. అంటే అత్యధికులు ఇంట్లోనే విశ్రాంతితో కోలుకుంటారు. కొద్దిమందికి మాత్రం ఆసుపత్రి తప్పదు. వీరిద్దరూ ఒకే తలుపు తట్టడం వల్లనే అనవసరపు ఖర్చు పుడుతుంది. మామూలు క్లినిక్‌కు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఎమర్జెన్సీ విభాగం ఖర్చు అనేక రెట్లు ఉండవచ్చు. కొన్ని దేశాలలో కుటుంబ వైద్యుడి వద్ద ముందుగా పేరు నమోదు చేసుకోనిదే అపాయింట్‌మెంట్ దొరకదు. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఈ నమోదును వాయిదా వేస్తూపోయి, జబ్బు వచ్చిన రోజున వేరే దారిలేక ఎమర్జెన్సీకి పరుగెత్తడం నేను తరచుగా చూస్తున్నాను. ఈ వారంలోనే నమోదు పూర్తి చేయండి. రాత్రివేళ తెరిచి ఉండే నెట్‌వర్క్ క్లినిక్ ఏది, మీ పాలసీలో ఫోన్ లేదా వీడియో ద్వారా వైద్యుడితో మాట్లాడే సౌకర్యం ఉందా, నర్సు సలహా ఇచ్చే నంబరు ఉందా అన్నవి కనుక్కొని, పాలసీ నంబరుతో కలిపి ఇద్దరి ఫోన్లలోనూ భద్రపరచండి.

ఈ ఏర్పాటుకు వైద్యపరంగా కూడా విలువ ఉంది. ఒసెల్టమివిర్ వంటి యాంటీవైరల్ (వైరస్‌ను అణచే) మందులు లక్షణాలు మొదలైన 48 గంటల లోపు వేసుకుంటే బాగా పనిచేస్తాయి. మధుమేహం ఉన్న మీ అమ్మగారికీ, అయిదేళ్ల లోపు వయసున్న మీ పాపకూ జబ్బు ముదిరే ప్రమాదం ఇతరుల కంటే ఎక్కువ కాబట్టి, వారి విషయంలో వైద్యుడి కోసం మూడు నాలుగు రోజులు ఎదురుచూడడం తగదు. త్వరగా పెట్టిన చిన్న ఖర్చు, ఆలస్యంగా వచ్చే పెద్ద ఖర్చును తప్పించే అవకాశం ఇక్కడ నిజంగా ఉంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఊపిరి అందకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఛాతీలో నొప్పి, మాటల్లో తికమక, పిల్లలు 8 గంటలుగా మూత్రం పోయకపోవడం, తగ్గిన జ్వరం లేదా దగ్గు మళ్లీ తీవ్రంగా తిరగబెట్టడం వంటివి కనిపిస్తే నెట్‌వర్క్ గురించి గాని, డిడక్టిబుల్ గురించి గాని ఆలోచించవద్దు, వెంటనే దగ్గరలో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లండి. ఈ లెక్కలన్నీ అలాంటి క్షణంలో డబ్బు మీ కాళ్లకు అడ్డుపడకూడదని వేసుకుంటున్నవే.

టీకా గురించి ఆర్థిక సలహాలో ఎందుకని మీకు అనిపించవచ్చు. టీకా రకం ఆ ఏటి వైరస్‌తో బాగా సరిపోయిన సంవత్సరాలలో, ఫ్లూతో వైద్యుడి వద్దకు వెళ్లవలసిన అవసరాన్ని అది సుమారు 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. చాలా పాలసీలు దీన్ని నివారణ సేవగా లెక్కించి పూర్తి ఖర్చు భరిస్తాయి, కొన్ని దేశాలలో పిల్లలకూ వృద్ధులకూ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నష్టభయాన్ని తగ్గించే ఏర్పాటు మీ కుటుంబ బడ్జెట్‌లో మరొకటి లేదు. కాకపోతే దీనికి వ్యవధి కావాలి. టీకా వేసుకున్నాక రక్షణ ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. తొమ్మిదేళ్ల లోపు పిల్లలు మొదటిసారి వేయించుకుంటుంటే సాధారణంగా కనీసం 4 వారాల ఎడంతో రెండు డోసులు అవసరమవుతాయి. మీ పిల్లలకు ఇంతకుముందు వేయించి ఉండకపోతే, సీజన్‌కు కనీసం ఆరు వారాల ముందే మొదలుపెట్టాలన్నమాట. ఉత్తర, దక్షిణార్ధగోళాలలో సీజన్లు వేర్వేరు నెలల్లో వస్తాయి కాబట్టి, మీ అమ్మగారు బయలుదేరే ముందు వేయించుకోవాలో, వచ్చాక వేయించుకోవాలో వైద్యుడిని అడిగి నిర్ణయించండి.

పోయిన జీతం సంగతికి వస్తాను. వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి 1 నుంచి 4 రోజులు పడుతుంది. లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి తర్వాత 5 నుంచి 7 రోజుల దాకా ఆ మనిషి ద్వారా ఇతరులకు సోకవచ్చు. అందువల్ల నలుగురున్న ఇంట్లో జబ్బు ఒకేసారి వచ్చి ఒకేసారి పోదు. మీకు జరిగినట్లే వరుసగా సాగి రెండు వారాలు తీసుకుంటుంది. అయిదుగురు ఉండబోయే ఈసారి మూడు వారాలకు లెక్క వేసుకోవడం మంచిది. మీ ఇద్దరికీ జీతంతో కూడిన సెలవు ఎన్ని రోజులు ఉంది, పిల్లల జబ్బుకు ఆ సెలవు వాడుకోవచ్చా, ఇంటి నుంచి పని చేసే వీలుందా అని మానవ వనరుల విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. జీతంతో సెలవు ఉన్న మీరు మొదట పిల్లల దగ్గర ఉండి, మీ భార్య పనిగంటలను కాపాడడం ఇంటి మొత్తం ఆదాయానికి మేలు.

ఇప్పుడు నిధి ఎంత ఉండాలో తేలుతుంది. కుటుంబ పాలసీ కింద ఏడాదిలో మీరు కట్టవలసిన గరిష్ఠ మొత్తం, మీ భార్య మూడు వారాల ఆదాయం, మీ అమ్మగారి కోసం తీసుకోబోయే పాలసీలో డిడక్టిబుల్, ఈ మూడూ కలిపిన మొత్తం. దీన్ని మీరుండే దేశపు కరెన్సీలో, ఒక్కరోజులో తీయగల పొదుపు ఖాతాలో ఉంచండి. స్వదేశంలో డిపాజిట్లు ఉన్నాయి కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. వాటిని రద్దు చేసి, డబ్బు పంపి, మారకపు నష్టం భరించి చేతికి వచ్చేసరికి రోజులు గడిచిపోతాయి. కొన్ని ఆసుపత్రులు చేర్చుకునే ముందే డిపాజిట్ అడుగుతాయి కాబట్టి, తగిన పరిమితి ఉన్న క్రెడిట్ కార్డు ఒకటి ఉండాలి, దాని బకాయిని ఈ నిధి నుంచి గడువులోగా తీర్చేయాలి. మొత్తం ఒకేసారి కుదరకపోతే ముందు డిడక్టిబుల్ మేరకు నింపి, మిగతాది నెలనెలా జమ చేయండి.

మీ అమ్మగారి విషయంలో నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. సందర్శకురాలిగా వచ్చే ఆమెను మీ కంపెనీ పాలసీ సాధారణంగా చేర్చుకోదు. సందర్శకుల పాలసీలలో రెండు రకాలున్నాయి. ఒక్కో సేవకు ముందే నిర్ణయించిన చిన్న మొత్తం మాత్రమే ఇచ్చేవి ఒకరకం, డిడక్టిబుల్ తర్వాత బిల్లులో ఎక్కువ శాతాన్ని పరిమితి దాకా భరించేవి మరో రకం. మొదటివాటి ప్రీమియం తక్కువ, కానీ ఆసుపత్రిలో చేరినప్పుడు అసలు బిల్లుకూ ఆ మొత్తానికీ ఏమాత్రం పొంతన ఉండకపోవచ్చు. రెండో రకాన్నే తీసుకోండి, ప్రీమియం తగ్గించుకోవాలంటే మీ నిధి తట్టుకోగలిగినంత పెద్ద డిడక్టిబుల్ ఎంచుకోండి. మధుమేహాన్ని దరఖాస్తులో తప్పక చెప్పండి, దాచిన జబ్బు క్లెయిమ్ తిరస్కరణకు దారితీస్తుంది. ఫ్లూ వల్ల ఆమె చక్కెర స్థాయి అదుపు తప్పి ఆసుపత్రిలో చేరవలసి వస్తే, దాన్ని పాత జబ్బుగా పరిగణిస్తారా, ముందునుంచీ ఉన్న జబ్బు హఠాత్తుగా తీవ్రమైతే ఎంత వరకు చెల్లిస్తారు అన్నది కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. వయసు పెరిగేకొద్దీ ఈ పరిమితి తగ్గే పాలసీలు ఉన్నాయి. పాలసీ ఆమె విమానం ఎక్కే రోజు నుంచే అమలులో ఉండాలి. ఆమె రోజూ వాడే మందులను చీటీతో సహా, బస పొడిగిస్తే సరిపోయేలా, గమ్యదేశం నిబంధనలు అనుమతించినంత మేరకు వెంట తెమ్మనండి.

ఏజెంటు చెప్పిన క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఈ అవసరానికి కాదు. క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం వంటి జాబితాలోని జబ్బులు నిర్ధారణ అయినప్పుడే అది డబ్బు ఇస్తుంది, ఫ్లూ ఆ జాబితాలో ఉండదు. వేరే కారణాలతో అలాంటి పాలసీ మీకు మంచిదే కావచ్చు గాని, దాన్ని చలికాలపు జ్వరాలకు విరుగుడుగా అమ్మడం సరికాదు. ఆ ప్రీమియం డబ్బును ఈ ఏడాదికి పైన చెప్పిన నిధిలో వేయండి.

నిరుటి బిల్లు మీద కూడా ఆశ వదలవద్దు. అప్పీలుకు గడువు మిగిలి ఉంటే వివరాలతో కూడిన బిల్లు అడిగి తెప్పించుకొని, బీమా సంస్థ పంపిన చెల్లింపు పత్రంతో పద్దు వారీగా సరిచూడండి. ఒకే పరీక్షను రెండుసార్లు వేయడం, చికిత్సను సూచించే కోడ్ తప్పుగా నమోదు కావడం జరుగుతూనే ఉంటాయి.

స్వదేశంలోని పాలసీని మాత్రం ఆపవద్దు. అది సాధారణంగా విదేశంలో జరిగే చికిత్సకు చెల్లించదు, నిజమే. అయితే కంపెనీ బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది. హఠాత్తుగా తిరిగి వెళ్లవలసి వస్తే అప్పుడు కొత్త పాలసీ తీసుకొని, పాత జబ్బులకు నిరీక్షణ కాలం (వాటి చికిత్సకు బీమా చెల్లించని తొలి కాలం) మళ్లీ మొదటినుంచి గడపవలసి వస్తుంది. ప్రీమియం భారమనిపిస్తే బీమా మొత్తాన్ని తగ్గించే వీలుందేమో, విదేశంలో ఉన్నంతకాలం రాయితీ ఏదైనా ఇస్తారేమో సంస్థను అడగండి. మీ అమ్మగారు ఆ పాలసీలో సభ్యురాలైతే, ఆమె మీ దగ్గర ఉన్న నెలల్లోనే రెన్యూవల్ తేదీ పడుతుందేమో ఇప్పుడే చూసి, ఖాతా నుంచి తనంతట తానే ప్రీమియం వెళ్లేలా ఏర్పాటు చేయండి.